కన్యాశుల్కాన్ని ప్రేమ కామెడీగా ఆడొచ్చా? ఆడొచ్చు, కానీ మీరనుకున్న జంటతో కాదు

మీ ప్రశ్నను కుదించి చెప్తే ఇదీ: పాత కాలేజీ స్నేహితులంతా కలిసి గురజాడ 'కన్యాశుల్కం'ని రెండు గంటల్లో వెయ్యాలనుకుంటున్నారు. మీ డైరెక్టర్ గారికి అది ప్రేమ కామెడీగా కనిపిస్తోంది. గిరీశం హీరో, బుచ్చమ్మ హీరోయిన్, ఇద్దరూ లేచిపోవడం క్లైమాక్స్. "ఆ రోజుల్లో విధవని ప్రేమించడమంటే ఎంత ధైర్యం కావాలి" అని ఆయన వాదన. మీకేమో ఎక్కడో తేడా కొడుతోంది.

మీకు తేడా కొట్టడం సరైనదే. అయితే ఆయన మాటను పూర్తిగా కొట్టిపారెయ్యను. ఈ నాటకంలో ప్రేమ కామెడీ ఉంది, అదీ మామూలు దారిలో నడవనిది. కాకపోతే అది ఆయన వెతికిన చోట లేదు. ఇందులో ప్రేమ గురించి గంటలు గంటలు మాట్లాడేవాడు గిరీశం. మనసులో ఏదైనా కదిలింది మాత్రం ఆ మాట ఎత్తని ఆడవాళ్లిద్దరిలో. ఈ సంగతి పట్టుకోకుండా ఆడితే నాటకం నవ్విస్తుంది గానీ లోపల డొల్లగా మిగులుతుంది.

ముందు గిరీశం సంగతి. తెర లేవగానే విజయనగరంలో బొంకులదిబ్బ మీద ఒంటరిగా నిలబడి తన లెక్కలు తానే ఒప్పుకుంటాడు. సామాను కొనిపెడతానని, డబ్బుకి భోజనాలు పెట్టే పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు తీసుకుని డాన్సింగ్ గర్ల్ మీద తగలేశాడు. ఇంకా చాలామందికి బాకీ. ఊళ్లో మొహం చూపించే దారి లేదు. అప్పుడు శిష్యుడు వెంకటేశం దొరుకుతాడు, సెలవులకి వాడి వెంట కృష్ణరాయపురం అగ్రహారం వెళితే భోజనానికి లోటుండదు. బుచ్చమ్మ ఆ కుర్రాడి అక్క. అంటే ఈ "ప్రేమకథ" అప్పులవాళ్లని తప్పించుకునే ప్రయాణంతో మొదలవుతుంది. మీ వెర్షన్లో ఈ మొదటి రంగాన్ని కత్తిరిస్తే గిరీశం రొమాంటిక్ హీరో అయిపోతాడు, ఉంచితే కాడు. కత్తెర పట్టుకునే ముందు ఇక్కడ కాస్త ఆలోచించండి.

పైగా 1955లో వచ్చిన సినిమాలో ఎన్టీఆర్ గిరీశం, వాడు డబ్బు తగలేసిన ఆ డాన్సింగ్ గర్ల్ మధురవాణిగా సావిత్రి. ఆ మొహాలు చూసినవాళ్లకి గిరీశం అనగానే హీరో గుర్తుకు రావడం సహజం. స్టేజి మీద జె.వి. రమణమూర్తి గారు ఏళ్ల తరబడి వేసిన గిరీశం ఆ మూసలో ఇమిడేవాడు కాదు. మీ నటుడికి ఏదైనా వీడియో చూపించాలనుకుంటే సినిమా కన్నా స్టేజి గిరీశాన్ని చూపించండి.

గిరీశానికి బుచ్చమ్మ మీద ఏ ఇష్టమూ లేదని మాత్రం నేననను. ఆమెను చూశాక వాడిలో ఏదో కాస్త మెత్తబడుతుంది, ఆ మెత్తదనాన్ని కూడా వాడు తన ఉపన్యాసంలో కలిపేసుకుంటాడు. అసలు తమాషా అదే. వెంకటేశానికి పాఠం చెప్పే సాకుతో విధవా వివాహం మీద లెక్చరిస్తాడు, వినాల్సిన మనిషి పక్కనే ఉందని తెలిసే. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. గురజాడ నాటకం మొదటిసారి విజయనగరంలో ఆడింది 1892లో. అంటే విధవా వివాహమనేది అప్పటికి ఊళ్లలో ఇంకా పచ్చిగా ఉన్న గొడవ. ఆ సంస్కరణ భాషని అద్దెకి తెచ్చుకుని పిల్లని పడగొట్టే మనిషి గిరీశం. ఇవాళ సోషల్ మీడియాలో స్త్రీవాదం పోస్టులు పెడుతూ ఇన్‌బాక్స్‌లో వేరే పని చేసేవాళ్లని చూసే ఉంటారు, మీ నటుడికి అంతకన్నా వివరణ అక్కర్లేదు.

ఇక్కడో చట్టం సంగతి కూడా తెలిసుండాలి. 1856 నాటి వితంతు వివాహ చట్టం పెళ్లికి ఒప్పుకుంది కానీ, మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీకి చనిపోయిన భర్త ఆస్తి మీద హక్కు పోతుందని కూడా చెప్పింది. బుచ్చమ్మ తండ్రి అగ్నిహోత్రావధాన్లు కోర్టు వ్యవహారాల్లో మునిగి తేలే మనిషి. ఇంగ్లీషు కాగితాలు చూసిపెడతాననే వంకతోనే గిరీశం ఆ ఇంట్లో కాలు నిలదొక్కుకుంటాడు. ఒకపక్క ఆ ఇంటి హక్కులకి సాయం చేస్తున్నట్టు నటన, మరోపక్క ఆ ఇంటి పిల్లకి హక్కులు పోయే దారి చూపించడం. ఈ రెండూ ఒకే రంగంలో పక్కపక్కన నడిస్తే ప్రేక్షకుడు చట్టం చదవకపోయినా మోసం వాసన పసిగడతాడు.

ఇక బుచ్చమ్మ. చాలా ప్రదర్శనల్లో దెబ్బతినే పాత్ర ఇదే. అమాయకురాలంటే మందబుద్ధి అనుకుని కళ్లు పెద్దవి చేసి, నోరు తెరిచి నటిస్తారు. జనం నవ్వుతారు, కానీ ఆ నవ్వు ఆమె మీదకి పోతుంది. పోకూడదు. చిన్నప్పుడే డబ్బుకి ముసలివాడికి అమ్మితే విధవై పుట్టింటికి చేరిన పిల్ల. ఇప్పుడు అదే తండ్రి రెండో కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లనే ఇంకో ముసలివాడికి అమ్మబోతున్నాడు. తల్లి వెంకమ్మ ప్రాణం మీదకి తెచ్చుకునేంతవరకు వస్తుంది వ్యవహారం. బుచ్చమ్మ లేచిపోవడానికి ఒప్పుకునే ఘట్టంలో గిరీశం వేసే ఆఖరి పాచిక కవిత్వం కాదు. నువ్వు నాతో వచ్చేస్తే సుబ్బి పెళ్లి తప్పిపోతుందంటాడు. ఆమె కదిలేది అక్కడ. అది గమనిస్తే మీ నటి వేరేగా వేస్తుంది: సిగ్గుపడుతూ కాదు, లెక్క వేసుకుంటూ. చెల్లెలి కోసం తన పరువు పణంగా పెడుతున్న పిల్లగా.

రిహార్సల్లో నేను ఎప్పుడూ చేయించే పని ఒకటుంది. గిరీశం మాట్లాడుతున్నంతసేపూ బుచ్చమ్మ చేతికి ఏదో ఒక ఇంటిపని ఇస్తాను. విస్తరి కుట్టడమో, బియ్యంలో మట్టిగడ్డలు ఏరడమో. పని ఆగే చోట్లు మూడో నాలుగో ముందే అనుకుంటాం. చేతులు ఆగినప్పుడే ఆమె నిజంగా విన్నట్టు. మిగతా మాటలన్నీ గాల్లోకి పోతున్నట్టు. గిరీశం డైలాగు ఒక్కటి మార్చకుండానే జనం నవ్వు వాడి మీదకి తిరుగుతుంది, ఎందుకంటే వాడు తన ప్రతి మాటా తగులుతోందనుకుంటున్నాడు, జనానికి మాత్రం ఏది తగిలిందో కనిపిస్తోంది. సుబ్బి పేరు రాగానే చేతులు ఆగాలి. అక్కడ ఎవరూ నవ్వకపోతే మీరు సరిగ్గా చేసినట్టు.

లేచిపోవడాన్ని క్లైమాక్స్‌గా పెట్టొద్దని కూడా అందుకే అంటున్నాను. గురజాడే దాన్ని పెళ్లికి తరలివెళ్లే దారిలో, రాత్రి గందరగోళంలో జరిపించేశాడు. మనకి కనిపించే తమాషా ఎక్కువగా వెనక మిగిలిన అగ్నిహోత్రావధాన్ల అరుపులే. జంటకి పాట పెట్టి, లైట్లు మార్చి, పొగ వదిలితే గిరీశం గెలిచాడని చెప్పినట్టవుతుంది. ఆ తర్వాత ఇంకో గంట కథ ఎందుకు నడుస్తోందో జనానికి అర్థం కాదు.

మరి ప్రేమ కామెడీ ఎక్కడుంది? మధురవాణి దగ్గర.

మొదటి అంకంలోనే మధురవాణి ఇంట్లో మంచం రంగం ఉంటుంది. ఆమె గిరీశాన్ని వదిలించుకుని రామప్ప పంతులు పోషణలోకి మారుతున్న సమయం. పంతులు లోపలుండగా గిరీశం వస్తాడు, పంతులు మంచం కిందకి. కాసేపటికి చీపురు పట్టుకుని పూటకూళ్లమ్మ వస్తుంది, గిరీశం కూడా మంచం కిందకే. చీపురు దెబ్బ పడేది పంతులుకి. అసలు దోషి జారుకుంటాడు. బయటినుంచి చూస్తే ఇది వీధినాటకం స్థాయి హాస్యం. కానీ మంచం పక్కన నిలబడ్డ మధురవాణిని చూడండి. మగాళ్లిద్దరూ తన మీద మోజు గురించి ఎంత మాట్లాడారో అంత వేగంగా మంచం కింద దూరారు. ఆమె ఈ ఆటనంతా ఎరిగినదై, ఒక్కరినీ పూర్తిగా అవమానించకుండా, ఒక్కరినీ నమ్మకుండా నడిపిస్తుంది. మీ నటి ఇక్కడ నవ్వు ఆపుకోవడం నేర్చుకోవాలి. ఆమె బయటికి నవ్వేస్తే జనం నవ్వు సగానికి పడిపోతుంది.

ప్రాపర్టీ గురించి ఒక మాట: అద్దె సామాను షాపులో మంచం అడిగితే దివాన్ పంపిస్తారు. కాళ్లు ఎత్తుగా ఉన్న పాత పట్టెమంచం కావాలని ముందే గట్టిగా చెప్పండి. కింద ఇద్దరు పెద్దమనుషులు పట్టాలి, వాళ్ల మొహాలు ముందు వరసలకే కాదు, వెనక వరసలకీ కనపడాలి. దుప్పటి ముందువైపు వేలాడనివ్వద్దు.

తర్వాత దొంగపెళ్లి. సుబ్బి పెళ్లి తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకి కట్టబెడతాడు. పిసినారి ముసలాడు, పెళ్లికూతురు వేషంలో మగపిల్లాడు. పద్ధతి తప్పిన ప్రేమల్లో ఇంతకన్నా విపరీతం ఏముంటుంది! పంతులు చేతుల మీదుగా ఈ వ్యవహారం నడుస్తుంటే, లోపలి గుట్టు తెలిసి సాయపడేది మధురవాణి. ఆమె తన కంటెని కూడా పెళ్లికి అరువిస్తుంది. శిష్యుడు మాయమయ్యాక, కంటె తెచ్చేదాకా నా గడప తొక్కొద్దని పంతుల్ని తలుపు బయట నిలబెడుతుంది. అదంతా నటనేనని మనకి తెలుసు, పంతులుకి తెలియదు. మోజు పడ్డ మగాడికి నగ రూపంలో పరీక్ష పెట్టడమే కదా ఇది. మీ రెండు గంటల్లో దీనికి తప్పకుండా చోటివ్వండి. దయ్యాన్ని సీసాలో బంధించే పూజారి గవరయ్య రంగం కూడా వీలైతే ఉంచండి. ఆడపిల్లే లేని చోట ఆమె మొదటి మొగుడి దయ్యం గురించి అంత హడావుడి చేసే హాస్యం ఇంకెక్కడా దొరకదు.

శిష్యుడి వేషానికి అబ్బాయినే తీసుకోండి. అమ్మాయిని పెడితే వేషం నమ్మకంగా ఉంటుంది కానీ కామెడీ చచ్చిపోతుంది. అప్పట్లో ఆడపాత్రలు మగవాళ్లే వేసేవాళ్లు. అంటే ఆనాటి స్టేజి మీద లుబ్ధావధాన్ల కూతురు మీనాక్షి వేషంలో ఉన్న మగాడూ, పెళ్లికూతురి వేషంలో ఉన్న మగపిల్లాడి పాత్ర వేసిన మగాడూ పక్కపక్కనే నిలబడేవాళ్లన్నమాట. ఒకరిని ఆడదిగా నమ్మాలి, ఇంకొకరిని నమ్మకూడదు. ఆ మజా ఇప్పుడు పూర్తిగా రాదు, కానీ కొంతైనా తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు చివరి రంగం. మీ డైరెక్టర్ ప్లాన్‌లో ఇది ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే పెట్టించండి, దీనికోసం ఇంకేదైనా వదులుకోండి. విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులనే వకీలు ఉన్నాడు. నిజమైన సంస్కర్త. గిరీశానికి మాటల్లో ఉన్నవన్నీ ఈయనకి నడతలో ఉన్నాయి. వేశ్యల మొహం చూడకూడదన్న పట్టుదల కూడా ఉంది. 1890ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భోగంమేళాలకి వ్యతిరేకంగా జోరుగా నడిచిన ఉద్యమం మనిషి అనుకోండి. పెళ్లికూతురు మాయమయ్యేసరికి లుబ్ధావధాన్ల మీద హత్యానేరం పడింది, ఆయన్ని బయటపడేద్దామని ఈయన తాపత్రయం. నిజం తెలిసింది మధురవాణికి. ఆమె మగవేషంలో ఈయన ఇంటికి వస్తుంది.

ఆ వేషంలో ఆమె బేరం పెడుతుంది. ముసలాయన్ని కాపాడే రహస్యం తెలిసిన మధురవాణి ఒకతె ఉందని, దానికి ప్రతిఫలం కోరుతోందని. కోరిక తగ్గుతూ తగ్గుతూ చివరికి ఒక్క ముద్దు దగ్గర ఆగుతుంది. ఒక నిర్దోషి ప్రాణమా, తన వ్రతమా? ఈయన నలిగిపోయి చివరికి సరేనంటాడు. వేషం తీస్తుంది. ఆయన ఒప్పుకున్న మాట ప్రకారం దగ్గరికి వచ్చేసరికి ఆమే ఆపేస్తుంది. చెడనివాళ్లని చెరపొద్దని తన తల్లి చెప్పిందంటుంది.

దీన్ని నీతిపాఠంగా ఆడితే చప్పగా ఉంటుంది. ప్రేమ రంగంగా ఆడండి. నాటకమంతా మగాళ్లని ఆడించిన మనిషికి మొదటిసారి ఆడించబుద్ధి కాని మనిషి ఎదురయ్యాడు. ఆయన తనని అసహ్యించుకుంటాడని తెలిసే వచ్చింది. గిరీశం ముద్దు కోసం ఎన్ని కబుర్లైనా చెప్పగలడు. ఈమె చేతికందిన ముద్దుని తనే వదిలేసింది. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా, ఈమె తెలివిని చూసి, మాటని చూసి, ఆ గడియలోనే మెత్తబడుతున్నాడు. ముద్దు ఆగిపోయిన తర్వాత ఆయన మొహంలో ఒక్క క్షణం నిరాశ కనిపించాలా వద్దా అని నటులతో చాలాసార్లు వాదించాను. కనిపించాలనే నా పక్షం. సంస్కర్తని విగ్రహంగా నిలబెడితే ఆమె చేసిన పనికి విలువ లేకుండా పోతుంది.

ఆయన ఆమెకి భగవద్గీత ఇస్తాడు. ఇక్కడ కొందరు జనం నవ్వుతారు, భయపడకండి. ముద్దు అడిగినదానికి పుస్తకం దొరకడం నిజంగా నవ్వొచ్చే విషయమే, గురజాడకి అది తెలియకుండా రాయలేదని నా నమ్మకం. ఆ నవ్వుని తొక్కెయ్యకుండా, దాని మీదే తర్వాతి మాట ఎత్తుకోమని చెప్పండి.

ఆ తర్వాతే గిరీశం దిగుతాడు, మధురవాణిని అక్కడ చూస్తాడు, వాడి బండారం బయటపడుతుంది. బుచ్చమ్మని పూనాలో విధవల ఆశ్రమానికి పంపుతానని, వాణ్ని బుద్ధిగా చదువుకోమని సౌజన్యారావు తేల్చేస్తాడు. అందరికీ తెలిసిన "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" ఇక్కడిదే. ప్రేక్షకులు దానికోసమే కాచుకుని ఉంటారు, నటుడు నోరు తెరవకముందే చప్పట్లు మొదలవుతాయి. కాబట్టి దాన్ని అరిచి చెప్పనక్కర్లేదు. గొంతు తగ్గించి, నిజంగా చిక్కుపడ్డ మనిషిలా అంటే బాగా పేలుతుంది.

ఎడిటింగ్ విషయానికొస్తే, 1897లో అచ్చైన మొదటి రూపం కాకుండా 1909లో గురజాడ పెంచి రాసినదాన్ని పట్టుకోండి. మధురవాణి ఇంత మనిషిగా ఎదిగింది అందులోనే. ఏడంకాలు, అలాగే ఆడితే ఒక రాత్రి కూడా సరిపోదు. మీరు సారా దుకాణం, హవల్దారు, బైరాగి రంగాలు తీసెయ్యాల్సి వస్తుంది. నాకు కడుపు తరుక్కుపోయే మాట అది, కానీ మీ దారికి అవి అడ్డం. కోర్టు, పోలీసు వ్యవహారం నాలుగు మాటల్లో చెప్పించెయ్యండి.

భాషని మాత్రం ముట్టుకోకండి. సినిమాల్లో కామెడీకి వాడే ఉత్తరాంధ్ర యాసని అందరి నోట్లోనూ పెట్టే పని అసలు చెయ్యొద్దు. అగ్రహారం బ్రాహ్మల మాట వేరు, మధురవాణి మాట వేరు, పనివాడు అసిరిగాడి మాట వేరు. రాసినది రాసినట్టు చదివితే చాలు.

కులాల ప్రస్తావన గురించి మీరు టెన్షన్ పడుతున్నట్టున్నారు. కొంచెం జాగ్రత్త అవసరమే. 2022 జనవరిలో 'చింతామణి' నాటకాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది, అందులో సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పడంతో. అక్కడ గొడవ చాలావరకు ఊరూరా నటులు సొంతంగా కలిపిన బూతు డైలాగుల వల్ల ముదిరిందని రంగస్థలం వాళ్లకి తెలుసు. మీ దాంట్లో వర్తకుడు పోలిశెట్టి ఉన్నాడు, మధురవాణి ఉంది. స్టేజి మీద ఎవరూ సొంత పైత్యం కలపకూడదని మొదటి రోజే చెప్పండి, ముఖ్యంగా మధురవాణి రంగాల్లో. గురజాడ రాసిన మధురవాణి నోట ఒక్క చవకబారు మాట ఉండదు.

రిహార్సల్స్ చివరి రంగంతో మొదలుపెట్టండి. మంచం రంగం, దొంగపెళ్లి ఎలాగూ నాలుగు రోజుల్లో పట్టుబడతాయి, సౌజన్యారావు–మధురవాణి రంగానికి వారాలు పడుతుంది. రచయిత పోయింది 1915లో కాబట్టి అనుమతుల బెడద లేదు. మీ డైరెక్టర్ గారు ఇంకా గిరీశమే హీరో అంటే, మొదటి రంగమూ చివరి రంగమూ వరసగా ఒకసారి పైకి చదవమనండి. కత్తిరించిన స్క్రిప్ట్ తయారయ్యాక ఏ రంగం ఎంతసేపు వస్తోందో రాయండి, ఎక్కడ ఇంకా తగ్గించొచ్చో చూసి చెప్తాను.